మూడో పొద్దు

డబ్బా మూత తిప్పగానే
అలవాటుగా మొహం పక్కకు తిప్పుకున్నాను.
ఏ ఘాటూ లేదు.
పులిసిన పిండి, తడిసిన గోనె,
అంతకు మించి ఏమీ లేదు.

"దీనికి పురుగు సస్తాదేటి?" అంది మా అత్త దాలమ్మ.
మందంటే కళ్ళు మండాలి ఆవిడకి,
గట్టు మీద గడ్డి కూడా మాడిపోవాలి.
ఆ లెక్కన పోయినేడు కొట్టింది చాలా మంచి మందు.
పురుగుతో పాటు మా ఆయన గౌర్నాయుడూ పడిపోయాడు,
క్యాబేజీ మడిలో, నోట నురగతో.
కేజీహెచ్‌లో పదకొండు రోజులు.
బతికాడు.
టీ గ్లాసు మాత్రం ఇప్పటికీ
ఆయన చేతిలో తనంతట తనే మాట్లాడుతుంది.
అందుకే ఈ ఏడు ట్యాంకు నా వీపు మీద.

గాజువాక నుంచి స్కూటీ మీద వచ్చే
వ్యవసాయ సహాయకురాలు లోహిత చెప్పింది:
"ఇది సూక్ష్మజీవి అక్కా. పైన పడితే ఏం కాదు.
తినాలి. పురుగు కడుపులోకి వెళ్ళాకే
దీని తాళం తెరుచుకుంటుంది.
ఎండ తగిలితే చచ్చిపోతుంది, పొద్దు వాలాక కొట్టు.
మూడు రోజులు ఓపిక పట్టు."
ఎండకు చచ్చే మందు!
అత్త నవ్వి నవ్వి దగ్గింది.

సింహాచలం కొండ వెనక్కి పొద్దు దిగాక
భీమిలి గాలి కాస్త ఆగాక మొదలెట్టాను.
క్యాబేజీ ఆకు మైనం పూసినట్టుంటుంది, నీళ్ళు నిలవవు,
చిటికెడు సబ్బు పొడి కలిపాను.
ఆకు ఎత్తి అడుగున కొడుతుంటే
పచ్చటి పురుగులు గింజుకుని
సన్నని దారం పట్టుకుని కిందికి జారాయి,
గుంటలు మామిడికొమ్మ మీంచి దూకినట్టు.

చివరి రెండు సాళ్ళ దగ్గర చెయ్యి ఆగింది.
అవతల పైడిరాజు మల్బరీ,
దాని పక్కనే షెడ్డులో పట్టుపురుగులు.
"ఈ సూక్ష్మజీవికి
పట్టు నేసే పురుగూ ఒకటే, పంట కొరికే పురుగూ ఒకటే" అంది లోహిత.
గాలి ఎటు తిరుగుతుందో ఎవరికి తెలుసు?
ఆ రెండు సాళ్ళూ ఒగ్గేశాను.

మర్నాడు పురుగులు బతికే ఉన్నాయి.
"పూజ సేసినావు కోడలా, పసుపు కూడా పెట్టు."
రెండో రోజూ బతికే ఉన్నాయి,
కానీ తినడం లేదు.
నోరు ఆకుకు ఆనించుకుని
ఏదో మాట మరిచిపోయినట్టు అలాగే ఉన్నాయి.
అంతకు ముందు మందు కొట్టినప్పుడు
గంటలో అన్నీ చచ్చిపడేవి, నేను చూసేదాన్ని కాదు.
ఇప్పుడు వంగి చూడాల్సి వచ్చింది.
జాలి అనను. ఎన్ని తడులు పెట్టానో నాకు తెలుసు.
అయినా ఆకు మీద కూర్చుని
ఆకలి లేకుండా పోవడం ఎలా ఉంటుందో
ఆ రాత్రి అన్నం కలుపుతుంటే
ఊరికే గుర్తొచ్చింది.

మూడో పొద్దుకు
నల్లబడి, మెత్తబడి, తలకిందులుగా వేలాడాయి.
వాటి పక్కనుంచే ఒక అక్షింతల పురుగు
ఎర్రటి చుక్కల వీపుతో
తన పని తాను చూసుకుంటూ పోయింది.
సాలీడు గూడు చెదరలేదు.
అత్త ఏమీ అనలేదు.
గట్టు మీద గడ్డి పీక్కుని మేకకు పెట్టింది.
నేను వద్దనలేదు, మొదటిసారి.

ఎంవీపీ కాలనీ రైతుబజారులో
ఒక పెద్దావిడ గడ్డ చేతిలోకి తీసుకుని అడిగింది:
"మందులు కొట్టారా?"
అదే ఊపిరిలో, "పురుగుల్లేవు కదా?"

ఏ ప్రశ్నకి ముందు జవాబు చెప్పాలి?
నేను ఆలోచిస్తుండగానే
ఆవిడ పట్టుకున్నది ఒగ్గేసిన సాళ్ళలోది కాబోలు,
చిల్లులాకు సందులోంచి
దారం కట్టుకుని ఒకటి దిగింది,
బతికున్నది, పచ్చగా, తీరిగ్గా,
సరిగ్గా తక్కెడ పళ్ళెంలోకి.

ముల్లు కదల్లేదు.
ఆవిడ కేక వేసింది.
నేను దాన్ని అరిటాకు ముక్క మీదకి ఎక్కించుకున్నాను.
కిలోకి అయిదు తగ్గించమంది.
తగ్గించాను.